తల ఊపుడు

సాంచెల కార్ఖానాలో ఎవరూ చెవులతో వినరు. నలభై సాంచెలు, అంటే మరమగ్గాలు, ఒక్కసారి నడుస్తుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. అక్కడ మాటంటే పెదవుల కదలిక, చేతి సైగ. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. పిడికిలి తిప్పి చూపితే పడుగు చుట్టిన బీము అయిపోవచ్చిందని. బొటనవేలు నోటికి ఆనిస్తే చాయ్. ఈ భాషలో సిరిసిల్ల మొత్తమ్మీద తనను మించినవాడు లేడని దేవదాస్‌కు పొగరు. నలభై రెండేళ్లుగా సాంచెల మధ్య బతికినవాడు, బీవైనగర్‌లోని ఆ కార్ఖానాలో ఏ సాంచె చెడినా బాగుచేసే మేస్త్రీ, ఆ మాత్రం పొగరు ఉండదా? అవతలి వరుసలో ఎవడైనా తనమీద నోరు కదిపితే ఇవతలి నుంచే తిట్టు తిప్పికొట్టేవాడు.

ఆ పొగరుకు రెండు మూడేళ్లుగా దెబ్బ తగులుతూ వస్తోంది. మన పిల్లలు సాంచెల పని చెయ్యమని మొరాయించాక బీహార్ నుంచి, ఒడిశా నుంచి మనుషులు దిగారు. మంచి పనివాళ్లే. తెలుగు కూడా నేర్చుకున్నారు. కానీ ఆ తెలుగు వాళ్ల నోట్లో పడి వేరే రూపం ఎత్తి బయటికి వచ్చేది. తోటి పనివాళ్లకు అర్థమయ్యేది. దేవదాస్‌కే అర్థమయ్యేది కాదు. పెదవులు చూసినా లాభం లేదు, ఆ పెదవులు ఆయనకు తెలిసిన తీరుగా కదలవు.

సోమవారం పొద్దున సుబోధ్ వచ్చి దేవదాస్ భుజం తట్టాడు. సుబోధ్‌ది బీహార్, ముప్పై అయిదేళ్ల మనిషి, ఇక్కడికి రాకముందు భివండీలో ఎనిమిదేళ్లు సాంచెలు నడిపాడు. ఏడో నంబరు వైపు వేలు చూపించి ఏదో చెప్పాడు. దేవదాస్ "ఆఁ?" అన్నాడు. సుబోధ్ మళ్లీ చెప్పాడు, అరచేతిని కప్పలా రెండుసార్లు ఎగరేసి చూపించాడు. అది భివండీ సైగ. సిరిసిల్లలో అలాంటి సైగ లేదు.

ఇంకోసారి అడగాలి. అడగడానికి ఎంతసేపు? కానీ ఎనిమిదో నంబరు దగ్గర ఐలయ్య ఇటే చూస్తున్నాడు, ముసిముసిగా నవ్వుతున్నాడు. మేస్త్రీ అనేవాడు పనివాణ్ని మూడుసార్లు అడుగుతాడా? అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. దేవదాస్ గంభీరంగా తల ఊపి, చూస్తానన్నట్టు చెయ్యి ఎత్తి, ముందుకు వెళ్లిపోయాడు. సుబోధ్ నిశ్చింతగా తన సాంచె దగ్గరికి పోయాడు. మేస్త్రీకి చెప్పాడు, మేస్త్రీ తల ఊపాడు. ఇంకేం కావాలి?

బుధవారం పదకొండు గంటలకు ఏడో నంబరు నుంచి నాడె ఎగిరింది. నాడె అంటే పోగును అటూ ఇటూ మోసే కొయ్య, మూరెడు లేకపోయినా రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. దాన్ని కొట్టే కట్టెకు ఉన్న తోలు పట్టా వదులైతే అది దారి తప్పుతుంది. దారి తప్పిన నాడెకు మనిషి, గోడ తేడా లేదు. నూలు కండెల గంప చంకన పెట్టుకుని ఆ సందులోంచి వస్తున్న, కండెలు అందించే పిల్ల కల్యాణి కుడి కంటికి తగిలింది.

ఎవరో మెయిన్ స్విచ్ ఆపేశారు. నలభై సాంచెలు ఒక్కసారి ఆగితే కార్ఖానాలో పుట్టే నిశ్శబ్దం మామూలుది కాదు, చెవులు గుయ్యిమంటాయి. ఆ నిశ్శబ్దంలో కల్యాణి అరుపు ఒక్కటే. నేలంతా రంగు రంగుల కండెలు, వాటి మీద రక్తం. ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయారు, అక్కడినుంచి అటే కరీంనగర్ పంపించారు.

సేటు నితిన్ ఆఫీసు గదిలోంచి పరుగున వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లవాడు, తండ్రి పోయాక కార్ఖానా చూస్తున్నాడు. చెవిలో ఎప్పుడూ ఒక నల్లటి గుండీ లాంటిది ఉంటుంది, ఫోను మాట్లాడేది.

"ఎవ్వడు నడుపుతుండు గీ సాంచె?"

"మై," అన్నాడు సుబోధ్.  "చాచాకు చెప్పిన సేట్. సోమ్‌వార్ చెప్పిన."

అందరూ దేవదాస్ వైపు తిరిగారు. సాంచెలు ఆగి ఉన్నాయి కాబట్టి, తరవాత ఆయన అన్న మాట గోడవతలి చాయ్ బండివాడికి కూడా వినిపించింది.

"నాకెవ్వడు చెప్పలే."

సుబోధ్ నితిన్ వైపు చూసి ఇంకేదో చెప్పబోయి నోరు మూశాడు. ఐలయ్య సోమవారం చూసినవాడే, అయినా నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. దేవదాస్ దొంగకు తేలు కుట్టినట్టు రెంచీలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

సాయంత్రం నితిన్ ఆయన్ను ఆఫీసులోకి పిలిచి కుర్చీ వేశాడు. నలభై రెండేళ్లలో ఆ గదిలో దేవదాస్‌కు కుర్చీ వెయ్యడం అదే మొదటిసారి.

"కాకా, పోలీసులు అడుగుతరు, బీమావోళ్లు అడుగుతరు. సాంచె ఖరాబైనా సుబోధ్ ఎవ్వలకు చెప్పలేదు, వాని నిర్లక్ష్యం అని ఒక కాయితం రాయిస్తున్న. మేస్త్రీవి నువ్వు సాక్షి సంతకం పెట్టాలె. శనివారం కల్యాణి వాళ్ల అవ్వను గూడ పిలుస్త, ఆమె ముందట్నే పెడుదువు."

"వాని సంగతి?"

"వాంది ఆధార్ కార్డు నా దగ్గర్నే ఉన్నది. కేసు అయిందాక యాడికి పోడు. అయినా పరాయోడు కాకా, ఇయ్యాల ఈడుంటడు, రేపు సూరత్‌ల ఉంటడు. నువ్వంటె మనోనివి."

దేవదాస్ తల ఊపాడు. ఈసారి మాట పూర్తిగా అర్థమయ్యే ఊపాడు.

గురువారం కార్ఖానా బంద్. ఇంట్లో దేవదాస్ పొద్దుటినుంచీ తిట్లే. ఆయన భార్య కళావతి చేటలో తునికాకు కత్తిరించుకుంటూ, బీడీలు చుట్టుకుంటూ విన్నది.

"నోట్లె గుట్క పెట్టుకొని మాట్లాడితె ఎవ్వనికి సమజైతది? మూడేండ్లాయె అచ్చి. తిండి మనది కావాలె, పని మనది కావాలె, మాట మాత్రం సక్కగ నేర్వడు. ఆడు మంచిగ చెప్పి ఉంటే నేను చూడకపోదునా?"

కళావతి బీడీకి దారం చుట్టి కొరికి తెంపింది. తరవాత అన్నది.

"అంటె చెప్పిండన్నట్టే గద."

దేవదాస్ మొహం తిప్పుకున్నాడు.

"నాకెందుకు దాస్తవయ్య? సోమవారం రాత్రి అన్నం తినుకుంట నువ్వే అన్నవ్, ఆ బీహారాయన ఏందో ఒర్రిండు, నాకు తెల్వలే అని. గా పిల్ల కన్ను..." కళావతి చేట పక్కకు జరిపింది. "ఈ నడుమ నీకు ఎవ్వలు చెప్పినా తెలుస్తలేదు. బ్యాంకుల కొత్త మేనేజరమ్మ చెప్తే ఆఁ ఆఁ అనుకుంట అచ్చినవ్. ఏం చెప్పిందయ్యా అంటె నా మీద లేసినవ్. బిడ్డకు ఫోన్ చేసిన. పొద్దుగాల కోరుట్లకు పో, జగిత్యాలల చెవుల డాక్టరు ఉన్నడట, అది చూపిస్తదట."

"నాకు చెవులు మంచిగనే ఉన్నయ్!"

"మంచిగుంటె అది ఇంక పెద్ద పాపం," అన్నది కళావతి.

శుక్రవారం వేములవాడ, కథలాపూర్ మీదుగా కోరుట్ల బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు, బయట కోతలైన పొలాలు, దారి పొడుగునా ఆయన చూసింది మాత్రం అరచేయి. ఆ అరచేయి కప్పలా ఎగురుతూనే ఉంది. నాడె ఎగురుతోంది చాచా అని ఎంత విడమరిచి చెప్పాడు వాడు! పసిపిల్లవాడికైనా తెలిసేదే. ఆ సైగ మనది కాదని తాను అసలు దాన్ని చూడనే లేదు. వాడి మీద కోపం ఎంత పెంచుకుందామన్నా ఇక పెరగడం లేదు, అందుకు మళ్లీ కోపం.

కోరుట్ల బస్టాండులో కూతురు భాగ్యశ్రీ ఆస్పత్రి చీటీ, నీళ్ల సీసా పట్టుకుని సిద్ధంగా ఉంది. బట్టల దుకాణంలో లెక్కలు రాస్తుంది, ఆ పూట సెలవు పెట్టింది. ఇద్దరూ జగిత్యాల బస్సు ఎక్కారు.

ఆస్పత్రిలో గోడలకు బొంత లాంటిది అంటించిన చిన్న గదిలో దేవదాస్‌ను కూర్చోబెట్టి చెవులకు డొప్పలు తగిలించారు. కుయ్యిమంటే మీట నొక్కాలి. నొక్కాడు. పరీక్ష చేసే అమ్మాయిది కేరళ. నిదానంగా, నవ్వుతూ, తెలుగులో ఏవేవో చెప్పింది. దేవదాస్ పెద్దమనిషిలా తల ఊపుతూ విన్నాడు. అద్దం అవతలినుంచి ఆమె గొంతు డొప్పల్లో వినిపించాక ఏ మాట వింటే ఆ మాట తిరిగి చెప్పాలట. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆమె ఒక్కొక్క మాటా పలుకుతుంటే ఒక్కొక్కదానికీ తల ఊపుతూ కూర్చున్నాడు. పది మాటలయ్యాక అద్దం అవతల భాగ్యశ్రీ మొహం చూసి ఏదో తప్పయిందని గ్రహించాడు. అరవై రెండేళ్ల వయసులో కూతురి ముందు ఒళ్లంతా చెమట పట్టింది.

తరవాత అవే మాటలు భాగ్యశ్రీ చేత చెప్పించారు. పదికి తొమ్మిది తిరిగి చెప్పాడు.

డాక్టరు జగిత్యాల మనిషే. కాగితం మీద గీతలు చూపించి చెప్పాడు. "సాంచెల చప్పుడుకు కొంత దెబ్బతిన్నయ్, గని అది పెద్దది కాదు పెద్దయ్యా. పుట్టినప్పటిసంది విన్న మాటతీరు అయితే సగం వినపడ్డా మిగిలిన సగం మనసు అందుకుంటది. కొత్త మాటతీరు అయితే అట్ల అందదు, ఒక్కొక్క మాట పోల్చుకోవాలె. పడుచుతనంల మనసు చురుకుంటది, ఎంబడే పోల్చుకుంటది. వయసు మీద పడ్డంక గా పని ఆలస్యమైతది. నువ్వు మొదటి మాట కాడ ఉంటవు, ఆయన నాలుగో మాట మీద ఉంటడు. ఇగ చప్పుడుంటే చెప్పేదేలేదు. ఇది రోగం కాదు, తప్పు గూడ కాదు. మళ్ల చెప్పు అని అడుగు, మెల్లగ చెప్పు అను. అంతే."

బయటికి వచ్చాక భాగ్యశ్రీ ముఖం విప్పారింది. "చూసినవా బాపు? నీ తప్పు లేదని డాక్టరే చెప్పె. కాయితం గూడ ఇచ్చిండు."

"నా తప్పు లేకపోతె ఎవ్వని తప్పే?" రోడ్డు మీద నలుగురూ తిరిగి చూసేంత గట్టిగా అరిచాడు దేవదాస్. "వాడు చెప్పిండు. రెండుసార్లు చెప్పిండు. చెయ్యి ఊపి చూపెట్టిండు. నాకు సమజ్ కాలె. కాకపోవుడు తప్పు కాదట, మంచిది. మరి తల ఊపుడు? గది గూడ వయసేనా? గా డాక్టరు నాకు కాయితం ఇచ్చిండు, వానికి ఎవ్వలిస్తరు కాయితం?"

భాగ్యశ్రీ చుట్టూ చూసి తండ్రి మోచెయ్యి పట్టుకుని ఒక చెరుకురసం బండి పక్కకు తీసుకుపోయింది. గొంతు తగ్గించి, ఒక్కొక్క మాటా ఆయనకు అందేలా చెప్పింది.

"బాపు, రేపు సంతకం పెట్టు. వాడు ఇంకో ఊరు చూసుకుంటడు. నీకు ఇదే ఊరు, ఇవే మొకాలు. నిజం చెప్పినవనుకో, కల్యాణి వాళ్లు నీ ఇంటి మీదికి అస్తరు. సేటు రేపటిసంది రావొద్దంటడు. ఈ వయసుల నీకు ఇంకెవ్వలు పని ఇస్తరు? అవ్వ బీడీల మీద బతుకుతరా ఇద్దరు?"

కూతురు చెప్పిందాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఆయనకు చెరుకురసం తాగబుద్ధి కాలేదు, గ్లాసు అలాగే బండి మీద పెట్టేశాడు.

"నువ్వు చెప్పింది పూర సమజైంది బిడ్డ," అన్నాడు. పెడతాననీ అనలేదు, పెట్టననీ అనలేదు.

శనివారం కార్ఖానా మళ్లీ మొదలైంది. ఏడో నంబరు ఒక్కటే ఆగి ఉంది, దాని చుట్టూ నేల కడిగారు గానీ సిమెంటు మీద మరక పోలేదు. ఆఫీసు గదిలో నితిన్ బల్ల ముందు కాగితం, దాని మీద పెన్ను. ఒక పక్క కల్యాణి తల్లి మొగిలవ్వ కూర్చుంది. మూడు రోజులుగా కరీంనగర్ ఆస్పత్రి వరండాలో పడుకున్న మనిషి, చీర కూడా మార్చుకోలేదు. చూపు వస్తదో రాదో ఇంకో నాలుగు రోజులైతే గానీ చెప్పలేమన్నారట. గోడకు ఆనుకుని సుబోధ్ నిలబడి ఉన్నాడు. ఆమె కళ్లు వాడి మీదినుంచి కదలడం లేదు.

"నా బిడ్డ కన్ను పొడిచినవ్ గదరా," అంటోంది. "నోరు లేదార నీకు, ఒక్క మాట చెప్పనీకి?"

నితిన్ పెన్ను దేవదాస్ వైపు జరిపాడు. "ఇగ పెట్టు కాకా."

దేవదాస్ పెన్ను ముట్టుకోలేదు.

"వాడు చెప్పిండు," అన్నాడు. "సోమవారం పొద్దుగాల నాకు చెప్పిండు. నాకు సమజ్ కాలె. అడిగితె ఇజ్జత్ పోతదని తల ఊపి పోయిన. ఆ దినం నాకెవ్వడు చెప్పలేదంటి, అబద్ధమాడిన. వదినె, నీ బిడ్డను కొట్టింది వాడు గాదు, నేను."

మొగిలవ్వ సుబోధ్ మీదినుంచి చూపు దేవదాస్ మీదికి తిప్పింది. తరవాత లేచి వచ్చి దేవదాస్ చెంప మీద కొట్టింది. మూడు రోజుల పస్తు మీదున్న చెయ్యి, దెబ్బ గట్టిగా తగల్లేదు. రెండోది కొట్టలేక ఆయన అంగీ పట్టుకుని ఏడ్చింది.

నితిన్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఒక్క క్షణం మాత్రమే కంగారు. వెంటనే ఇంకో తెల్లకాగితం తీశాడు. "సరే కాకా. నీ ఇష్టం. మేస్త్రీకి చెవులు వినరాక గిట్లయిందని రాస్త. వయసు అయిపోయినోన్ని పనిల పెట్టుకునుడు మా నాయిన చేసిన పాపం."

"రాయి. జగిత్యాల డాక్టరు కాయితం గూడ తెచ్చిన. కలిపి పెట్టు."

అప్పుడు గోడ దగ్గరి నుంచి సుబోధ్ మాట్లాడాడు. గబగబా, తెలుగూ హిందీ కలిపి, ఒకసారి దేవదాస్‌ను, ఒకసారి నితిన్‌ను చూపిస్తూ. బయట ముప్పై తొమ్మిది సాంచెలు దడదడలాడుతున్నాయి. దేవదాస్‌కు ఒక్క ముక్క అందలేదు. నితిన్ మాత్రం కాగితం మీదినుంచి తల ఎత్తకుండానే "ఠీకే, ఠీకే" అంటూ తల ఊపాడు.

దేవదాస్ ఆ ఊపునే చూశాడు. ఆ ఊపు ఆయనకు తెలియంది కాదు.

"ఏమన్నడు సేటూ?"

"ఏముంటది కాకా, అదే పాత పాట."

"అదే ఏందని అడుగుతున్న. నాకైతె చెవులు లెవ్వు. నువ్వు ఇన్నవ్ గద, చెప్పు."

నితిన్ కాగితంలోకే చూశాడు. చెప్పడానికి విని ఉంటే కదా. దేవదాస్ లేచాడు, గది దాటి కార్ఖానాలోకి నడిచాడు, గోడకున్న మెయిన్ కిందికి గుంజాడు. సాంచెలన్నీ ఆగాయి. పనివాళ్లు ఏ కొంప మునిగిందోనని ఆఫీసు తలుపు దగ్గర గుమిగూడారు. దేవదాస్ తిరిగి వచ్చి సుబోధ్ ముందు, వాడి మొహంలో మొహం పెట్టి నిలబడ్డాడు.

"మళ్ల చెప్పు."

సుబోధ్ చెప్పాడు.

"సమజ్ కాలె. మెల్లగ చెప్పు."

ఇంతమంది ముందు అలా అడగడం, అడిగి మళ్లీ నిలబడడం, నలభై రెండేళ్లలో ఆయన ఏనాడూ చెయ్యని పని. ఐలయ్య నవ్వలేదు. ఎవరూ నవ్వలేదు. సుబోధ్ ఒక్కొక్క మాటా విడగొట్టి పెట్టాడు.

"మంగల్‌వార్. గేట్ దగ్గర. సేట్‌కు భీ చెప్పిన. చాచా పట్టా మార్చలే, నాడె ఎగుర్తది, చూడు సేట్, అని చెప్పిన. సేట్ ఫోన్‌ల మాట్లాడుతుండె. గిట్ల అన్నడు." సుబోధ్ తల ఊపి చూపించాడు. మెల్లగా, గంభీరంగా, రెండుసార్లు.

తలుపు దగ్గరి పనివాళ్లు నితిన్ వైపు తిరిగారు. మొగిలవ్వ ఏడుపు ఆపింది.

"రోజుకు వందమంది వంద చెప్తరు!" నితిన్ లేచి నిలబడ్డాడు. "వాడు ఏదో అన్నడు గావచ్చు, వాని భాషల వాడు. ఎవ్వనికి సమజైతది? ఫోన్‌ల చీరల ఆర్డరోళ్లు ఉండిరి..."

"అంటె చెప్పిండన్నట్టే గద," అన్నది మొగిలవ్వ.

దేవదాస్ జేబులోంచి డాక్టరు రాసిచ్చిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. 

"నాకు అరువై రెండేండ్లు సేటూ. నాకు ఎందుకు సమజ్ కాలేదో గీండ్ల రాసి ఉన్నది. అయినా తప్పు నాదే. నీకు ముప్పై ఎనిమిది. నువ్వు ఏ డాక్టరు కాడికి పోతవు?"

 దేవదాస్ తెల్లకాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. ఏడో తరగతిలో ఆగిన చదువు, అక్షరాలు పెద్ద పెద్దవిగా, ఎగుడుదిగుడుగా పడ్డాయి. సుబోధ్ సోమవారం చెప్పిండు, దేవదాస్ మేస్త్రీ ఇనలేదు, అని రాశాడు. కింద సంతకం పెట్టాడు. తరవాతి వరసలో మంగళవారం అని మొదలుపెట్టి, సేటు పేరు మొదటి అక్షరం రాస్తుండగా నితిన్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"కాకా, ఆలోచించు."

మొగిలవ్వ ముందుకు వంగి నితిన్ వేళ్లను ఒక్కొక్కటిగా ఊడదీసింది.

"రాయనియ్యి," అన్నది.